కట్టెల మీద పడుకున్న రాజు

మా అబ్బాయి పెళ్ళికి మా వాళ్ళు నగలు అడగలేదు, విందులో ఫలానా వంటకం ఉండాలని పట్టుబట్టలేదు. అడిగింది ఒకటే. కన్యాదానం వేళ పెళ్ళికూతురి తండ్రి మావాడి కాళ్ళు కడగాలి. పెళ్ళికూతురు చీనా పిల్ల. ఆమె తండ్రి మలేసియాలో, తెలుక్ ఇంటాన్ ఊరి చీనా బడిలో నాకు చదువు చెప్పిన మాస్టారు. ఈ చివరి సంగతి మా వాళ్ళకు తెలియదు. నేను చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే అదో పెద్ద గోల. మావాడూ ఆ పిల్లా కౌలాలంపూర్‌లో ఒకే ఆఫీసులో పని చేస్తూ ఒకరినొకరు ఇష్టపడ్డారు. అందులో నా ప్రమేయం ఆవగింజంత కూడా లేదు. ఒక ఆదివారం వాడు క్లాంగ్‌లో మా ఇంటికి వచ్చి, సోఫాలో నా పక్కన చేరి, ఫోన్లో ఆ పిల్ల ఫొటో చూపించాడు. నాకు పిల్ల కంటే ముందు ఆమె వెనకున్న గేటు కనిపించింది. మా మాస్టారి ఇంటి ఆకుపచ్చ ఇనప గేటు, కింది చువ్వ ఒకటి వంగి ఉంది. ఆ చువ్వ మీద నిలబడి ఊగి దాన్ని వంచినవాళ్ళలో నేనూ ఉన్నాను. తెలిసి కూడా, "వాళ్ళ నాన్న ఏం చేసేవారురా?" అని అడిగాను. "టీచర్ లా అమ్మా, రిటైర్డ్" అన్నాడు వాడు, ఇక్కడందరిలాగే మాట చివర 'లా' తగిలించి.

మా మాస్టారి కూతురని తెలిస్తే మా వాళ్ళు ఊరుకుంటారా? తల్లే దగ్గరుండి కుదిర్చింది, మన తెలుగు పిల్లలెవరూ ఈవిడ కంటికి ఆనలేదు, చీనా బడిలో చదివి సగం చీనాది అయిపోయింది అంటారు. సగం మాటలు ఇప్పటికే అంటున్నారు. అందుకని, పెళ్ళికూతురి తండ్రి గవర్నమెంటు ఉద్యోగం చేసి రిటైరయ్యారని మాత్రం చెప్పాను. మావాడికీ ఆ పిల్లకీ, "అత్త దగ్గర నోరు జారకండి" అని గట్టిగా చెప్పి పెట్టాను. గవర్నమెంటు ఉద్యోగమన్నది అబద్ధం కాదు. నిజంలో సగం.

అత్త అంటే వాడి మేనత్త, నా భర్తకు అక్క, నాకు వదిన. మా ఇంటికి పెద్ద ఆవిడే. నా భర్త పోయేనాటికి మావాడు చిన్నపిల్లాడు. నేను పోర్ట్ క్లాంగ్‌లో షిప్పింగ్ ఆఫీసు ఉద్యోగానికి పరుగెడితే, వాడికి అన్నం పెట్టిందీ, వీపు రుద్దిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చుందీ ఆవిడ. ఆవిడ మాటకు ఎదురు చెప్పడం మాలో ఎవరికీ అలవాటు లేదు. హుటాన్ మెలింటాంగ్ దగ్గర రబ్బరు ఎస్టేటులో పుట్టింది. రెండో తరగతిలోనే బడి మాన్పించి తమ్ముళ్ళను చూసుకోమన్నారు. ఆ దిగులు ఆవిడకు ఇంకా పోలేదు. కాలికి న్యూస్‌పేపరు తగిలితే ఇప్పటికీ వంగి కళ్ళకద్దుకుంటుంది, అది చేపలు చుట్టి తెచ్చిన పేపరైనా సరే. నేను పక్కకు తిరిగి నవ్వుకుంటుంటాను.

పెళ్ళి మాటలకు అందరం మా హాల్లో చాపలు పరుచుకుని కూర్చున్నాం. వదిన కాఫీ గ్లాసు కింద పెట్టి నా వైపు తిరిగింది.

"ఆళ్ళు సీనోళ్ళు గదా, మన పద్దతి తెలీదు. నీకు ఆళ్ళ మాట వొచ్చు గదా, నువ్వెళ్ళి సెప్పు. ఆ పిల్ల అయ్య కాళ్ళు కడగాల."

"పెద్దాయన వదినా. మోకాళ్ళ నొప్పులు. పీట మీద కూర్చోలేరు. ఏదో తడిగుడ్డతో అలా తుడిస్తే…"

"ఏటి, మోటారుసైకిల్ తుడిసినట్టా?"

అందరూ గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

"ఉత్త నీళ్ళే గదే. ఇదేటి, అంత పెద్ద ఇసయమా?" అని ఆవిడ చుట్టూ చూసింది. ఏముంది, చిన్న విషయమే అన్నారు మా మరుదులు. చిన్న విషయమే అన్నారు తోడికోడళ్ళు. అప్పుడే నాకు మాస్టారు చెప్పిన జింక కథ గుర్తుకొచ్చింది. ఒక మంత్రి సభలోకి జింకను తోలుకొచ్చి, ప్రభూ, ఇదిగో గుర్రం అన్నాడట. రాజు నవ్వి, జింక కదయ్యా అని సభ వంక చూశాడు. మంత్రికి జడిసి కొందరు గుర్రమే అన్నారు, కొందరు నేల చూపులు చూశారు, జింక అన్న కొద్దిమందినీ మంత్రి తర్వాత ఓ కంట కనిపెట్టి మట్టుపెట్టాడు. మా వదిన ఆ మంత్రి లాంటిది కాదు, పాపం. ఆవిడ నిజంగానే అది చిన్న విషయమనుకుంది. జింక అని తెలిసినదాన్ని ఆ హాల్లో నేనొక్కదాన్నే.

"చిన్న విషయమే వదినా, చెప్తాను" అన్నాను. ఛీ, నా నోరు పడిపోను.

ఆ మాస్టారి సంగతి చెప్పాలి. మా నాన్న ఎస్టేటులో పామాయిల్ గెలలు మోసే లారీ నడిపేవాడు. లారీ యజమాని చీనాయన. ఆడపిల్లని మా బడిలో వెయ్యి, రేపు ఎక్కడైనా పని దొరుకుతుంది అని ఆయన అంటే మా నాన్న తీసుకెళ్ళి వేశాడు. తరగతి మొత్తానికి తెలుగుపిల్లను నేనొక్కదాన్నే. నూనె కారే జడ, నల్లటి మొహం. పక్క పిల్ల ముక్కు మూసుకునేది. ఎవరేం అడిగినా నేను నోరు విప్పేదాన్ని కాదు. మొదటి ఏడాదంతా నన్ను మూగదాన్నే అనుకున్నారు.

రెండో ఏడాది ఈ మాస్టారు వచ్చారు. అప్పటికి కుర్రవాడు. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, సుద్దముక్కతో నల్లబల్ల మీద నాలుగంటే నాలుగు అక్షరాలు రాసేవారు. చీనావాళ్ళ మాటల్లో అలాంటి నాలుగక్షరాల మూటలు బోలెడున్నాయి. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఒక మూట విసురుతారు, విన్నవాళ్ళకు సంగతంతా తెలిసిపోతుంది. చాలావాటిని విప్పి చూస్తే లోపల ఎవరో ఒక పాతకాలపు రాజు ఉంటాడు.

మొట్టమొదట ఆయన విప్పింది పిట్ట కథ. గద్దెనెక్కిన ఒక రాజు మూడేళ్ళు ఏ పనీ చేయకుండా విందుల్లో గడిపాడు. ఆయనతో సూటిగా చెప్పే ధైర్యం లేక ఒక ఉద్యోగి పొడుపుకథ వేశాడు. కొండ మీద పెద్ద పిట్ట ఉంది ప్రభూ, మూడేళ్ళుగా ఎగరదు, కూయదు, ఏమిటది అని. ఎగిరితే ఆకాశాన్ని తాకుతుంది, కూస్తే లోకం ఉలిక్కిపడుతుంది, చూస్తూ ఉండు అన్నాడు రాజు. ఆ తర్వాత నిజంగానే లేచి రాజ్యాన్ని చక్కబెట్టాడు. కథ అయ్యాక మాస్టారు నా బెంచీ దగ్గరకు వచ్చి, తరగతంతా వినేలా అన్నారు: "ఈ పిట్ట మూగది కాదు. చూస్తోంది, అంతే."

మర్నాడు నేను నోరు విప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు, పక్క పిల్ల ముక్కు మీంచి చెయ్యి తీసి నోరు తెరవడం మాత్రం గుర్తుంది. అప్పట్నుంచి ఆయనకు నేను పిట్టనే. ఆరో తరగతి దాకా పిట్టా, ఇటురా, పిట్టా, చదువు. షిప్పింగ్ ఆఫీసులో నాకు కుర్చీ దొరికిందంటే, చీనా వ్యాపారులతో గడగడా మాట్లాడగలిగానంటే, మొగుడు పోయాక కొడుకును పైకి తీసుకురాగలిగానంటే అదంతా ఆయన పెట్టిన భిక్షే.

ఆయనకు ఒక పట్టుదల ఉండేది. నాలుగక్షరాలు బట్టీపట్టి అప్పజెప్పితే ఒళ్ళు మండిపోయేది. "మూత చూపించి కూర తిన్నానంటావా? కథ మొత్తం చెప్పు" అనేవారు. ఒకసారి మంటల రాజు కథ నా వంతు వచ్చింది. శత్రువులొస్తే సామంతులను పిలవడానికి కొండల మీద మంటలు వెలిగిస్తారు. ఒక రాజు తన రాణిని నవ్వించడానికి ఊరికే వెలిగించాడు. సైన్యాలు ఆయాసపడుతూ పరుగెత్తి వచ్చి తెల్లమొహాలు వేస్తే రాణి నవ్వింది. నేను అక్కడిదాకా చెప్పి కూర్చున్నాను. "తర్వాత?" అన్నారు. శత్రువులు నిజంగా వచ్చిన రోజున మంట వెలిగించినా ఎవరూ రాలేదని నాకు తెలుసు. అదంతా చెప్పడానికి బద్ధకించాను. "సగం కథకు మార్కుల్లేవు" అని సున్నా వేశారు. ఇంటికొచ్చి ఏడ్చాను.

ఇప్పుడు ఆయన దగ్గరికి వెళ్ళి, మాస్టారూ, వచ్చి నా కొడుకు కాళ్ళు కడగండి అని చెప్పాలి.

ఒక శనివారం బస్సెక్కి తెలుక్ ఇంటాన్ వెళ్ళాను. గేటు తీస్తుంటే ఆ వంగిన చువ్వ మోకాలికి తగిలింది. మాస్టారు వాకిట్లోనే ఉన్నారు, జుట్టు పూర్తిగా తెల్లబడింది, చేతిలో మొక్కలకు నీళ్ళు పోసే డబ్బా. నన్ను చూసి ఆ డబ్బా పక్కన పెట్టి, "పిట్ట వచ్చింది!" అని లోపలికి కేకేశారు. ఆయన భార్య బిస్కెట్ల పళ్ళెం తెచ్చి నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. కాబోయే వియ్యపురాలినని ఆమె కొత్త కప్పులు దించింది. ఆ మర్యాదలు చూస్తుంటే నాకు లేచి పారిపోవాలనిపించింది.

చీనా భాషలో కన్యాదానం గురించి చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పెళ్ళికొడుకును ఆ పూటకు దేవుడిగా భావిస్తారని చెప్పాను. పెళ్ళికూతురి తండ్రి ఆ దేవుడి కాళ్ళు కడిగి కూతుర్ని అప్పగిస్తాడని చెప్పాను. మాస్టారు తల వంచి విన్నారు.

"ఎవరి కాళ్ళు?"

"మా అబ్బాయివి."

"కడిగేది నేను."

"అమ్మగారు నీళ్ళు పోస్తారు, మీరు అలా చెయ్యి ఆనించినా చాలు…"

"మా ఇళ్ళల్లో పెళ్ళినాడు పిల్లలు మోకాళ్ళ మీద కూర్చుని పెద్దవాళ్ళకు టీ ఇస్తారు" అన్నారాయన, ఎవరినీ తప్పుపట్టని గొంతుతో.

"ఇస్తారు మాస్టారూ, అదీ చేయిస్తాను. మావాడు తప్పకుండా మోకాళ్ళ మీద కూర్చుంటాడు" అన్నాను గబగబా. చేపల బజారులో బేరం చేస్తున్నట్టుంది నా గొంతు.

"ఇంకేమైనా ఉందా?" అని అడిగారు.

ఉంది. కాళ్ళు కడిగిన ఆ నీళ్ళను పళ్ళెంలోంచి తీసి, కన్యాదాతలిద్దరూ తమ తల మీద చల్లుకోవాలి. మా పెళ్ళిళ్ళలో పుట్టి పెరిగినదాన్ని, నాకు అది కొత్త కాదు. ఆ తెల్లటి తల వంక చూశాను.

"ఇంకేం లేదు మాస్టారూ."

ఆయన కప్పు కింద పెట్టారు. ఆయన భార్య ఏదో అనబోయి, లేచి వంటింట్లోకి వెళ్ళింది.

"కట్టెల మీద పడుకున్న రాజు గుర్తున్నాడా పిట్టా?" అన్నారు. "చెప్పు."

ఇంత వయసులో, కాబోయే వియ్యపురాలిని, బిస్కెట్టు చేతిలో పట్టుకుని పాఠం అప్పజెప్పాను. ఒక రాజు యుద్ధంలో ఓడిపోయాడు. గెలిచిన రాజు దగ్గర నౌకరుగా ఉండి గుర్రాల్ని కడిగాడు, పేడ ఎత్తాడు. ప్రాణాలతో వదిలాక తన రాజ్యానికి వచ్చి మెత్తటి పరుపు మీద పడుకోలేదు, కట్టెలు పరుచుకుని పడుకున్నాడు. ఒక జంతువు చేదు పిత్తాశయాన్ని వేలాడదీసి, అన్నం ముట్టే ముందు దాన్ని నాలుకతో తాకేవాడు, పడ్డ అవమానం మరచిపోకుండా. అక్కడ ఆగబోయాను. ఆయన చూపు చూసి మిగతాది చెప్పాను. ఏళ్ళ తరబడి అలా ఉండి, బలం కూడగట్టుకుని, ఆ గెలిచిన రాజును రూపుమాపాడు.

"ఊఁ. మొత్తం చెప్పావు" అన్నారు. నవ్వారో లేదో నాకు తెలియదు, నేను తలెత్తలేదు. "కడుగుతానని చెప్పు మీ వాళ్ళకి."

బస్సులో వస్తున్నంతసేపూ నోరు చేదుగానే ఉంది. ఆ కథ ఎందుకు చెప్పించారు? గుర్రాల్ని కడిగిన ఆ రాజు తానేననా? ఇది మరచిపోననా? లేక బిడ్డ కోసం ఎంతైనా ఓర్చుకుంటాననా? అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

ఇంటికి వచ్చేసరికి వదిన గుమ్మంలోనే ఉంది. "ఏటన్నాడే?"

"ఒప్పుకున్నారు."

అంతే చెప్పాను. రాజు గురించి చెప్పలేదు, టీ గురించి చెప్పలేదు, ఆయన ఎవరో చెప్పలేదు. వదిన రెండు చేతులూ జోడించి దేవుడి పటం వైపు తిరిగింది. కళ్ళు తడిశాయి. నేను బిత్తరపోయాను.

"నీకు తెల్దులే" అంది. "మా అయ్య కాళ్ళు నువ్వు సూడ్లేదు గదా. రబ్బరు పాలు గెట్టిపడిపోయి, మడమలు పగిలి, నల్లగా ఉండీవి. దొర ముందు సెప్పులేసుకోకూడదు, దొర లేనప్పుడు కొనుక్కోడానికి డబ్బుల్లేవు. అలాటి కాళ్ళు కూడా పెళ్ళినాడు మా తాత పళ్ళెంలో ఎట్టి కడిగినాడంట, రాములోరి కాళ్ళలాగ. మా అయ్య సచ్చిందాకా అదే సెప్పుకున్నాడు. 'ఒక్కనాడు నేనూ దేవుణ్ణయినానే' అనీవోడు. నా తమ్ముడు లేడు. ఆడి కొడుక్కి ఆ ఒక్కటీ జరగాలనే, ఇంకేటి లేదు."

నా సిగ్గు అక్కడ రెండింతలైంది. ఇన్నాళ్ళూ మాస్టారి ముందు మా ఆచారాన్ని తలుచుకుని సిగ్గుపడ్డాను. ఇప్పుడు ఆ సిగ్గును తలుచుకుని సిగ్గుపడ్డాను. మా మామగారి పగిలిన కాళ్ళ ఊసు ముందే వదినను అడిగి తెలుసుకుని మాస్టారికి ఎందుకు చెప్పలేకపోయాను? చెబితే ఆయనకు అర్థమయ్యేది. వదినకు ఆయన ఎవరో చెప్పేద్దామని నోరు తెరిచాను.

"సీనోడైనా పెద్ద మనసు లా" అంటూ అప్పటికే ఆవిడ ఫోన్ తీసి ఊళ్ళో ఉన్నవాళ్ళందరికీ చెప్పడం మొదలుపెట్టింది. నేను తెరిచిన నోరు మూసుకున్నాను.

పెళ్ళి క్లాంగ్‌లో మా రామమందిరం హాల్లో. మాస్టారు తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని, భార్యతో పొద్దున్నే వచ్చారు. హాలు వెనక వంటవాళ్ళు గిన్నెలు కడుక్కునే కొళాయి ఉంది. నేను ఇత్తడి చెంబుతో నీళ్ళు పట్టి, ఆయన్ని ఒక్క నిమిషం అని అటు పిలుచుకుపోయాను. రాత్రంతా ఆలోచించి పెట్టుకున్న ఉపాయం అది.

"ముందు మీ కాళ్ళు నేను కడుగుతాను మాస్టారూ" అన్నాను. "మాలో గురువు కాళ్ళు కడగడం ఉంది. నేను కడిగాక మీరు లోపలికి వెళ్ళి…"

ఆయన చెంబు వంక చూశారు, బోర్లించిన గిన్నెల వంక చూశారు.

"ఎవరూ చూడని చోట ఎందుకు?" అని అడిగారు.

ఆయన నా చేతిలోంచి చెంబు తీసుకుని, ఆ నీళ్ళతో తన చేతులు కడుక్కుని, జేబురుమాలుతో తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయారు. తల కొట్టేసినట్టయింది నాకు. వంటవాడు పక్కకు జరగమ్మా అనేదాకా అక్కడే నిలబడ్డాను.

మండపం మీద మావాడు పట్టుపంచె కట్టుకుని కూర్చున్నాడు. వాడి తల్లిదండ్రుల స్థానంలో వదినా ఆవిడ భర్తా కూర్చున్నారు. నేను మాట తర్జుమా చేయడానికి ఒక పక్కగా నిలబడ్డాను. మాస్టారు ఒక చెయ్యి నేలకు ఆనించి, రెండో చెయ్యి భార్య భుజం మీద వేసి, ఎలాగో పీట మీదకు దిగారు. మోకాలు కలుక్కుమన్న చప్పుడు నాకు వినిపించింది. ఆయన చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచారు, సుద్దముక్క పట్టుకునే ముందు మడిచినట్టే.

మామూలుగా మా పెళ్ళిళ్ళలో ఏదో రెండు చుక్కలు చల్లి ఫొటో తీయించుకుని లేస్తారు. మాస్టారు అలా చేయలేదు. భార్య సన్నటి ధారగా నీళ్ళు పోస్తుంటే మావాడి కుడికాలు పళ్ళెంలో పెట్టి, మడమ రుద్ది, వేళ్ళ సందులు ఒక్కొక్కటీ కడిగారు, బురదలో ఆడి వచ్చిన పసివాడి కాళ్ళు కడిగినట్టు. మధ్యలో తలెత్తి వాడిని ఏదో అడిగారు. చీనా మాట వాడికి రాదు, నేను నేర్పలేదు. వాడు నా వంక చూశాడు.

"నీళ్ళు చల్లగా ఉన్నాయా అని అడుగుతున్నారు" అన్నాను.

మావాడి మొహం ఎర్రబడింది. "చాలు అంకుల్, చాలు లా. మాలు లా అమ్మా, చెప్పమ్మా" అంటూ కాలు వెనక్కి తీసుకోబోయాడు. మాలు అంటే మలాయిలో సిగ్గు. మాస్టారికి ఆ మాట తెలుసు. తల అడ్డంగా ఊపారు.

"ఇంకో కాలుంది" అన్నారు, వాడికి అర్థమయ్యేలా మలాయిలోనే.

రెండో కాలూ అలాగే కడిగారు. పంతులుగారు మంత్రం ఆపి నా వైపు చూశారు. "ఆ నీళ్ళు ఇద్దర్నీ తల మీద చల్లుకోమని చెప్పండమ్మా."

నేను చెప్పలేదు. మండపం మీదవాళ్ళూ కింద కుర్చీల్లోవాళ్ళూ అందరూ నన్నే చూస్తున్నారు. "ఏటే, సెప్పు" అంది వదిన.

"పంతులుగారు ఏమంటున్నారు?" అని మాస్టారు అడిగారు.

"అయిపోయిందంటున్నారు. ఇక లేవండి మాస్టారూ."

ఆయన నన్ను చూశారు. రాణి నవ్విందని చెప్పి కూర్చున్న రోజున చూసిన చూపది. తర్వాత వంగి, పళ్ళెంలోని నీళ్ళు వేళ్ళతో తీసుకుని తన తెల్లటి తల మీద చల్లుకున్నారు. భార్య వైపు తిరిగితే ఆమె కూడా ఏమీ అడగకుండా చల్లుకుంది. పెళ్ళికూతురు తల దించుకుంది. అప్పుడు తెలిసింది నాకు, ఆ పిల్ల ఎప్పుడో మా పెళ్ళిళ్ళ వీడియోలు చూపించి ఇద్దరికీ అంతా చెప్పేసిందని. ఆ రోజు వాకిట్లో, ఇంకేమైనా ఉందా అని ఆయన అడిగినప్పుడే ఆయనకు తెలుసు.

"కథ మొత్తం చెప్పాలి పిట్టా" అన్నారు మెల్లగా.

"ఏటన్నాడే?" వదిన నా వైపు జరిగింది. "నిన్నేటో అన్నాడు. ఏటన్నాడు?"

ఇంకొక సగం చెప్పి గట్టెక్కొచ్చు. బావుంది అన్నారు వదినా అంటే సరిపోయేది. మాస్టారి నుదుటి మీదుగా నీటిచుక్క జారి కళ్ళద్దాల మీద పడింది. ఆయన తుడుచుకోలేదు.

"కథ మొత్తం చెప్పమంటున్నారు వదినా" అన్నాను. "ఈయన నా గురువు. చీనా బడిలో నాకు అక్షరాలు నేర్పిందీ, నోరు విప్పించిందీ ఈయనే. నీకు చెప్పలేదు. పిల్లను నేనే కుదిర్చానని అందరూ అంటారని చెప్పలేదు. ఈ నీళ్ళు తల మీద చల్లుకోవాలని ఆయనకీ చెప్పలేదు."

వదిన మొహంలో రంగులు మారాయి. మావాడి కాళ్ళ వంక చూసింది, పళ్ళెం వంక చూసింది.

"గురువా?" అంది. తర్వాత హాలంతా వినపడేలా అరిచింది. "గురువు సేత నీ కొడుకు కాళ్ళు కడిగించినావటే? ముందుగాల ఒక్క మాట సెప్తే నేను అడుగుదునా? సదువు సెప్పినోడి సేత… నీకు సిగ్గు లేదేటే?"

సిగ్గు వల్లే చెప్పలేదని ఆవిడకు ఎలా చెప్పను? తల వంచుకుని నిలబడ్డాను. కింద కుర్చీల్లో ఎవరో దగ్గారు.

వదిన పీట మీంచి లేచింది. పట్టుచీర తడుస్తుందని కూడా చూసుకోకుండా ఆ నీళ్ళ పక్కన చతికిలబడి, మాస్టారి తడి చేతులు రెండూ పట్టుకుంది. కాలు తగిలిన పేపరును అద్దుకున్నట్టే, వాటిని ముందు ఒక కంటికి, తర్వాత రెండో కంటికి అద్దుకుంది. మాస్టారు ఉలిక్కిపడి నా వంక చూశారు.

"ఏమంటోంది ఈవిడ?" అన్నారు.

"క్షమించమంటోంది మాస్టారూ."

"ఈవిడా?" అన్నారు మాస్టారు. "ఈవిడెందుకు?"